అవ్వాయిచువ్వ నుండి రాకెట్టు వఱకు : తోకకఱ్ఱ చెప్పు చరిత్ర

దీపావళి రాత్రి ఆకాశమున కెగయు బాణసంచాను తెలుగువారు తారాజువ్వ యనియు, అవ్వాయిచువ్వ యనియు పిలుచుచున్నారు. ఈ రెండు పేరులలోను ఒక విశేషము కలదు. నిప్పు క్రక్కునది గొట్టము. వెలుగు చిమ్మునది గొట్టము. పైకి మోసికొని పోవునదియు గొట్టమే. అయినను పేరు వచ్చినది గొట్టమును బట్టి కాదు, దానికి కట్టిన చువ్వను బట్టి. పారసీకమున 'హవా' యనగా గాలి, 'హవాయి' యనగా గాలిలో పోవునది. ఆ మాట తురుష్క ప్రభువుల కాలమున తెలుగున ప్రవేశించి, 'అవ్వాయి'గా మాఱి, మన చువ్వతో జతకూడినది. ఐరోపావారి 'రాకెట్' అను పదమునకు మూలము ఇటాలియను భాషలోని మాట. దానికి నూలు చుట్టు చిన్న కండె యని యర్థము. వారు గొట్టపు ఆకారమును చూచి పేరిడిరి. మనవారు చువ్వను చూచి పేరిడిరి.

ఇది కేవలము శబ్దచమత్కారము కాదు. రాకెట్టు నిర్మాణమున కష్టమైన పని దానిని పైకి లేపుట కాదు, లేచినదానిని తిన్నగా పోవునట్లు చేయుట. ఆ పనిని చేయునది చువ్వ. ఆ చువ్వ యేమి చేయుచున్నదో తెలిసికొనుటయు, తెలిసిన పిదప దానిని తొలగించుటయు – ఈ రెండు మాటలలో రాకెట్టు నిర్మాణచరిత్ర చాలవఱకు ఇముడును. ఆ చరిత్రలో తెలుగుసీమకు, అందులో యానామునకు గల సంబంధమును పరిశీలించుట ఈ వ్యాసమున కుద్దేశము.

యానామునకు గల పొత్తు

గౌతమీ తీరమున సుమారు 30 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణము గల యానాము, 18వ శతాబ్దమున ఫ్రెంచివారికి స్థావరమై, 1954 నవంబరు 1వ తేదీన వారి పాలన నుండి విడివడి, 1962 ఆగస్టు 16వ తేదీన శాసనసమ్మతముగా భారతదేశమున చేరినది. ఇచ్చట రాకెట్ల కార్ఖానా యేదియు లేకుండెను; యుద్ధమున రాకెట్లు ప్రయోగించిన కీర్తియు దీనికి లేదు. అయినను రాకెట్టు కథ మూడు త్రోవలలో ఈ యూరిని తాకిపోవుచున్నది. ఒకటి భాష: చువ్వ పేరు నిలిపినది తెలుగు. రెండవది ఫ్రెంచి సంబంధము: మైసూరు రాకెట్ల యుద్ధములకును, స్వతంత్ర భారతపు తొలి రాకెట్టునకును ఫ్రెంచివారితో పొత్తు కలదు. మూడవది తీరము: యానామునకు దక్షిణముగా సూటిదూరమున సుమారు 400 కిలోమీటర్లలో, ఇదే తూర్పు కడలి యొడ్డున శ్రీహరికోట యున్నది. ఈ మూడింటిని వరుసగా విచారింతము.

చువ్వ చేయు పని

తారాజువ్వలో నాలుగు భాగములు కలవు. మొదటిది గొట్టము, పూర్వము వెదురుతోను, తరువాత కాగితముతోను చేసిరి. రెండవది సురేకారము, గంధకము, బొగ్గు కూర్చిన మందు. మూడవది గొట్టపు అడుగున ఇఱుకుగా బిగించిన కంఠము. నాలుగవది చువ్వ. మందు మండగా పుట్టిన వాయువు ఇఱుకైన కంఠమునుండి మిక్కిలి వేగముతో క్రిందికి వెడలును. అంతకంతయు గొట్టము పైకి త్రోయబడును. చర్యకు సమానమైన ప్రతిచర్య యుండునని న్యూటను 1687లో సూత్రీకరించిన ధర్మమే ఇది. గొట్టము గాలిని తన్నుకొని పైకి లేచుచున్నదని పలువురు భ్రమపడుదురు. అట్లయినచో గాలి లేని అంతరిక్షమున రాకెట్టు పోజాలదు.

ఇక చువ్వ సంగతి. చువ్వ లేని గొట్టమును ముట్టించినచో అది సిసింద్రీవలె సుడులు తిరుగునేగాని పైకి పోదు. కారణమేమన, ప్రతి వస్తువునకును దాని బరువంతయు కూడియున్నట్లు తోచు బిందువొకటి కలదు, అది గురుత్వకేంద్రము. వస్తువు ప్రక్కకు వంగినపుడు గాలి దానిపై మోపు బలమంతయు కూడియున్నట్లు తోచు బిందువు మఱియొకటి, దానిని పీడనకేంద్రమందము. పీడనకేంద్రము వెనుకను, గురుత్వకేంద్రము ముందును ఉన్నయెడల, రాకెట్టు వంగినంతనే గాలి దాని తోకను వెనుకకు నెట్టి త్రోవకు తెచ్చును. తాఱుమాఱైనయెడల గాలియే దానిని తలక్రిందు చేయును. బాణమునకు వెనుక ఈకలు కట్టుటకును, గాలిపటమునకు తోక కట్టుటకును ఇదియే కారణము. సన్నని పొడవైన చువ్వ బరువున తక్కువ, గాలికి తగులు ప్రక్క వైశాల్యమున ఎక్కువ. కావున అది గురుత్వకేంద్రమును కొంచెముగాను, పీడనకేంద్రమును చాలగాను వెనుకకు జరుపును.

బాణసంచా పనివారికి ఈ పరిభాష తెలియదు, పని తెలియును. చువ్వ కట్టిన జువ్వను వ్రేలిపై నిలిపి, అది గొట్టపు కంఠమునకు కొంచెము దిగువను తూగినచో సరిగా పోవునని ఐరోపా బాణసంచా గ్రంథములలో చెప్పబడినది. ఇంతకన్న సులువైన పరీక్ష లేదు. త్రాసు లేదు, లెక్క లేదు, వ్రేలొక్కటి చాలును.

తెలుగు, కళింగ సీమలలో బాణసంచా

1443లో విజయనగరమునకు వచ్చిన పారసీక రాయబారి అబ్దుర్ రజాకు, అచ్చటి ఉత్సవములలో బాణసంచాను చూచి వర్ణించెను. కళింగమునుండి గోదావరి తీరము వఱకు తమ యధికారము నడపిన గజపతులలో ప్రతాపరుద్రుడు 1497 మొదలు 1540 వఱకు రాజ్యమేలెను. ఆయన పేర నున్న 'కౌతుకచింతామణి' యను సంస్కృత గ్రంథమున బాణసంచా చేయు విధములు కలవు. భారతదేశపు బాణసంచా చరిత్రను శోధించిన పరశురామ కృష్ణ గోడే పండితుడు 1953లో ప్రకటించిన పరిశోధనమున ఈ గ్రంథప్రాముఖ్యమును వెల్లడించెను. అందు సురేకారము, గంధకము, బొగ్గులతోపాటు ఇనుపరజను మున్నగునవి చెప్పబడినవి. ఏ బాణమునకు ఏ ద్రవ్యము కావలెనో అందు చెప్పబడినది.

గోదావరి సీమలో ముడిసరకులకు కొదువ లేదు. మన్యపు వెదురు తెప్పలుగా నదిలో దిగివచ్చెడిది. తాటాకు టపాకాయలు చుట్టుటకు తాటితోపులు గలవు. బొగ్గునకు జిల్లేడు గలదు. పనితనము తండ్రినుండి కొడుకునకు చేతిమీదుగా దిగినది. అట్లు దిగిన విద్యకు ఒక బలమును, ఒక లోపమును కలవు. చేయి తప్పదు, కాని చేయి పోయిననాడు విద్యయు పోవును.

మైసూరు బాణములు – ఫ్రెంచి పొత్తు

దక్కను సైన్యములలో 'బాణము' అనగా వింటినుండి వెడలు అమ్మే కాక, మందు గూరిన చువ్వ కూడ. దీనిని గొప్ప యుద్ధసాధనముగా మార్చిన కీర్తి మైసూరు హైదరాలీకిని, ఆయన కుమారుడు టిప్పు సుల్తానునకును చెందినది. వారు వెదురునకును, కాగితమునకును మాఱుగా ఇనుపగొట్టము వాడిరి. ఈ మార్పు చిన్నదిగా తోచునుగాని ఫలితము పెద్దది. గొట్టము గట్టిదైనకొలది మందును బిగువుగా దట్టించవచ్చును. లోపలి ఒత్తిడికి అది పగులదు. ఒత్తిడి పెరిగినకొలది వాయువు వెడలు వేగము పెరుగును. కావుననే ఆ బాణములు అప్పటి ఐరోపా బాణములకన్న దూరము పోయినవి.

ఈ యుద్ధములకును ఫ్రెంచి స్థావరములకును సంబంధము సన్నిహితము. 1778లో ఐరోపాలో ఫ్రెంచివారికిని ఆంగ్లేయులకును వైరము ముదురగా, ఇచ్చటి ఫ్రెంచి స్థావరములు ఆంగ్లేయుల వశమైనవి. ఆ యేడు అక్టోబరులో పుదుచ్చేరి పడినది. 1779 మార్చిలో మాహె పడినది. మాహె రేవునుండి హైదరాలీకి యుద్ధసామగ్రి వచ్చుచుండెడిది. దానిని పట్టుకొనుట ఆయన ఆగ్రహమునకొక ముఖ్యకారణమై, రెండవ మైసూరు యుద్ధము 1780లో ఆరంభమైనది. అదే సంవత్సరము సెప్టెంబరు 10న పొల్లిలూరు యొద్ద కర్నలు బెయిలీ సేన ఓడిపోయినది. ఆ పోరున ఆంగ్లేయుల మందుబండ్లు పేలుటకు మైసూరు బాణములు కారణమని చెప్పుదురు. మైసూరు పక్షమున నుండి పోరాడినవారిలో లాలీ యను ఫ్రెంచి సేనాని యొకడు. మాహెకును యానామునకును నడుమ ఎన్ని కొండలున్నను, ఆనాడు వాటి భాగ్యము ఒకే త్రాటికి కట్టబడి యుండెను.

1799 ఏప్రిలులో శ్రీరంగపట్టణమును చుట్టుముట్టినపుడు, పిదప వెల్లింగ్టను ప్రభువైన ఆర్థరు వెల్లెస్లీ దళము సుల్తానుపేట తోపున రాత్రివేళ బాణముల వర్షమునకు చెదరి వెనుకంజ వేసినది. మే 4వ తేదీన కోట పడినది, టిప్పు మరణించెను. కోటలో ఆంగ్లేయులకు దొరికినవి 600 ప్రయోగసాధనములు, సిద్ధముగా నున్న 700 బాణములు, మందు గూరని 9,000 గొట్టములు.

రెండు మచ్చుబాణముల కొలతలు

మైసూరు బాణములలో రెండు ఇంగ్లండులోని వూలిచ్ ఫిరంగి ప్రదర్శనశాలకు చేరినవి. వాటి కొలతలను ప్రఖ్యాత విమానశాస్త్రవేత్త రొద్దం నరసింహ 1985లో ప్రకటించిన పరిశోధనమున చర్చించెను. రొద్దం అనునది అనంతపురపు సీమలోని గ్రామము పేరు. ఆ యింటిపేరు గల ఈ విద్వాంసుడు 2020లో కీర్తిశేషుడయ్యెను.

మొదటి బాణపు ఇనుపగొట్టము 58 మిల్లీమీటర్ల వ్యాసము, 254 మిల్లీమీటర్ల పొడవు కలది. దానికి చువ్వకు మాఱుగా 1 మీటరు 2 సెంటీమీటర్ల కత్తి కట్టబడినది. రెండవదాని గొట్టము 37 మిల్లీమీటర్ల వ్యాసము, 198 మిల్లీమీటర్ల పొడవు. దానికి కట్టిన వెదురు 1 మీటరు 90 సెంటీమీటర్లు. గొట్టముతో పోల్చగా కత్తి నాలుగు రెట్లు. వెదురు తొమ్మిదిన్నర రెట్లు.

ఈ భేదమునందే నిర్మాణ రహస్యము కలదు. వెదురు తేలిక; కావున దానిని ఎంత పొడవుగా పెట్టినను గురుత్వకేంద్రము మితిమీరి వెనుకకు పోదు. కత్తి బరువు; దానిని వెదురంత పొడవు చేసినచో బరువంతయు తోకకే చేరి, చువ్వ కట్టిన ప్రయోజనము చెడును. కావుననే కత్తి పొట్టిది. టిప్పు కాలమున బాణము వేయు సైనికులకు, గొట్టపు వ్యాసమును, గుఱి దూరమును బట్టి ఎంత వాలుగా వేయవలెనో నేర్పెడివారు. కావున మైసూరున కొలత లేదనుట సరికాదు. కొలత కలదు, కాని అది ఒక దర్బారున, ఒక సేనలో నిలిచినది. దర్బారు కూలిన దినమున ఆ విద్యకు ఆధారమును కూలినది.

కాన్‌గ్రీవ్ చేసిన పని

శ్రీరంగపట్టణమునుండి ఇంగ్లండు చేరిన బాణములు విలియం కాన్‌గ్రీవ్ దృష్టిని ఆకర్షించెను. ఆయన 1804 ప్రాంతమున ప్రయోగములారంభించి, 1806 అక్టోబరులో ఫ్రెంచి తీరపు బులోను పట్టణముపైన, 1807లో కోపెన్‌హాగెను పైన రాకెట్లు కురిపించుటకు కారకుడయ్యెను. ఆ యుద్ధకాలమున యానామును ఆంగ్లేయుల చేతిలోనే యున్నది. 1814 నాటి పారిసు సంధి పిదపనేగాని అది ఫ్రెంచివారికి తిరిగి దక్కలేదు. మైసూరున ఫ్రెంచివారి మిత్రుల చేతి యాయుధము, ఇరువదియాఱు సంవత్సరములలో ఫ్రెంచివారిమీదికే మరలినది.

కాన్‌గ్రీవ్ కొత్తగా కనిపెట్టినది తక్కువ. ఇనుపగొట్టము మైసూరుది, చువ్వ మైసూరుది. ఆయన చేసినది వేఱు: ఒక్కొక్క పరిమాణమును మార్చి చూచుట, చూచినదానిని వ్రాసి యుంచుట, వ్రాసినదానిని అచ్చు వేయించుట. 1807లోను, 1814లోను ఆయన పుస్తకములు వెలువడినవి. ఆయన రాకెట్ల పేర్లు వాటి తరగతిని చెప్పు పౌనులే. ముప్పదిరెండు పౌనుల రాకెట్టు గొట్టము మూడున్నర అడుగులు, చువ్వ పదునైదు అడుగులు. అనగా నాలుగు రెట్లకు పైన. మొదట గొట్టపు ప్రక్కను కట్టిన చువ్వను, తరువాత ఆయన గొట్టపు నడుమకు మార్చి, వంకరపోకను తగ్గించెను. ఈ మాత్రపు మార్పునకు మైసూరు పనివాడు అసమర్థుడు కాడు. వానికి లేనిది తన ముందువాని ప్రయోగఫలితమును చదువుకొను పుస్తకము.

చువ్వ తొలగిన విధము

చువ్వకు మాఱుగా తోకకు రెక్కలు తొడుగవచ్చునను ఊహ ఐరోపాలో పూర్వమే కలదు. పోలండు–లిథువేనియా రాజ్యమునకు చెందిన కాజిమిర్ సియెమియెనోవిచ్ 1650లో లాటిను భాషలో ప్రకటించిన ఫిరంగిశాస్త్ర గ్రంథమున రెక్కల రాకెట్లను, అంతరువుల రాకెట్లను చిత్రించెను. మరుసటి యేడే అది ఫ్రెంచిలోనికి అనువాదమైనది. అయినను వాడుక చువ్వనే పట్టుకొని యుండెను. 1844లో విలియం హేల్ అను ఆంగ్లేయుడు, వెడలు వాయువుచేతనే రాకెట్టు బొంగరమువలె తన చుట్టు తాను తిరుగునట్లు చేసి, చువ్వను తొలగించెను.

1903లో రష్యా దేశపు బడిపంతులు కాన్‌స్టాంటిన్ సియొల్‌కోవ్‌స్కీ, రాకెట్టు పొందు వేగమునకును, వాయువు వెడలు వేగమునకును, మండిపోయిన ఇంధనపు పాలునకును గల సంబంధమును సూత్రముగా ప్రకటించెను. 1926 మార్చి 16న అమెరికాలో రాబర్టు గొడ్డార్డు ద్రవ ఇంధనముతో తొలి రాకెట్టును ఎగురవేసెను. అది రెండున్నర క్షణములు ఎగిరి, 41 అడుగుల యెత్తునకు లేచి, 184 అడుగుల దూరమున పడినది. ఆ రాకెట్టున ఇంజను తలయందును, ఇంధనపాత్రలు క్రిందను అమర్చబడినవి. తలనుండి లాగినచో బరువు వ్రేలాడు లోలకమువలె నిలకడగా పోవునని అప్పటి యూహ. కాని ఇంజను వంగినపుడు దాని త్రోపును వంగును గావున, తలయందున్నంత మాత్రమున నిలకడ రాదు. ఇంజను స్థానమునకును నిలకడకును సంబంధము లేదని పిదప తేలినది. మహామేధావియైన గొడ్డార్డు కూడ తడబడిన ఈ విషయమును, అవ్వాయిచువ్వ కట్టువాడు వ్రేలిమీద తూచి తప్పించుకొనుచుండుట గమనింపదగినది.

మొదటినుండి తామే నిర్మించు నమూనా రాకెట్టు

1957 అక్టోబరు 4న రష్యావారు స్పుత్నిక్‌ను నింగి కెక్కించిన పిదప, అమెరికాలో బాలురు స్వయముగా మందు కలిపి రాకెట్లు చేయబోయి గాయపడిరి, కొందఱు మరణించిరి. దీనికి ఉపాయము అంతకు ముందే, 1954లో, నెబ్రాస్కా రాష్ట్రపు నార్‌ఫోకు పట్టణమున చెప్పుల దుకాణము నడపుచుండిన ఆర్విల్ కార్లైల్, ఆయన సోదరుడు రాబర్టు కనిపెట్టి యుండిరి. మందు గూరిన చిన్న ఇంజను కార్ఖానాలో తయారగును. బాలుడు కాగితముతో, తేలికకఱ్ఱతో తక్కిన రాకెట్టును మాత్రము నిర్మించును. ఈ పద్ధతిని 1957లో హారీ స్టైన్ అను రాకెట్టు నిపుణుడు ప్రచారము చేసెను. ప్రమాదమైన భాగమును నిర్మాణవిద్యనుండి వేఱు చేయుట ఈ ఉపాయపు సారము.

అట్టి రాకెట్టు నిర్మాణక్రమము తెలుగు పాఠకులకు తెలియదగినది. గుండ్రని కఱ్ఱపై గట్టి కాగితమును బంకతో చుట్టి ఆఱబెట్టినచో గొట్టమగును. దాని పొడవు వ్యాసమునకు పది రెట్లకు తక్కువ కాకున్న మేలు. తలకు గుండ్రని ముక్కు అమర్చవలెను. శబ్దవేగమునకు లోబడి పోవు చిన్న రాకెట్టునకు సూదిముక్కు అక్కఱలేదు. తోకకు మూడుగాని నాలుగుగాని రెక్కలు సమదూరమున అతికింపవలెను. లోపల మడచిన గొడుగుబట్ట, దిగునపుడు విచ్చుకొనుటకు. ప్రయోగమునకు నిలువు కమ్మి యొకటి కావలెను. వేగము లేనపుడు రెక్కలు పని చేయవు గనుక, వేగము పుట్టువఱకు కమ్మియే త్రోవ చూపును.

ఇక నిలకడ. పూర్తిగా సిద్ధమైన రాకెట్టును దారముపై తూచి గురుత్వకేంద్రమును గుర్తు పెట్టవలెను. తరువాత రాకెట్టు ప్రక్కరూపమును అట్టపై గీసి, కత్తిరించి, ఆ అట్టను కొలబద్ద అంచుపై తూచినచో పీడనకేంద్రము ఉజ్జాయింపుగా తెలియును. మొదటి గుర్తు రెండవదానికన్న కనీసము ఒక వ్యాసమంత ముందుండవలెను. గొట్టము 30 మిల్లీమీటర్లదైనచో ఆ యెడము 30 మిల్లీమీటర్లకు తగ్గరాదు. తగ్గినచో ముక్కున మట్టి చేర్చుటయో, రెక్కలు పెంచుటయో చేయవలెను. తుదకు గురుత్వకేంద్రమున దారము కట్టి తలచుట్టు త్రిప్పి చూడవలెను. ముక్కు ముందుగా తిరిగినచో రాకెట్టు సిద్ధము. 1966లో జేమ్సు బారోమన్ ఈ పీడనకేంద్రమును అట్ట లేకుండ లెక్కచేతనే కనుగొను సమీకరణములను నమూనా రాకెట్టువారి కందించెను. వ్రేలిమీది తూనిక అట్టమీదికిని, అట్టమీది తూనిక కాగితముమీది లెక్కలోనికిని ఈ విధముగ వచ్చినది.

తుంబ, శ్రీహరికోట

యానాము శాసనసమ్మతముగా భారతదేశమున చేరిన పదునైదు మాసములకు, 1963 నవంబరు 21వ తేదీ సాయంకాలమున, కేరళ తీరపు తుంబ గ్రామమునుండి భారతభూమిపై తొలి పరిశోధక రాకెట్టు ఎగిరినది. రాకెట్టు అమెరికా వారిది. అందుంచిన సోడియము ఆవిరి పరికరము ఫ్రాన్సు వారిది. ఆకాశమున నారింజవన్నె మేఘమును విడిచి, పైగాలుల గతిని తెలుపుటకు అది యుద్దేశింపబడినది. స్థావరములను విడిచి వెళ్లిన దేశమే, ఏడాది తిరుగగనే సహపరిశోధకుడుగా తిరిగివచ్చినది. అటుపిమ్మట సెంటార్ అను ఫ్రెంచి రాకెట్టును అనుమతి పొంది భారతదేశముననే నిర్మించిరి. 1974 నాటి ఒప్పందమును బట్టి ఫ్రాన్సున పని నేర్చిన మన ఇంజనీర్లు 'వికాస్' ఇంజనును రూపొందించిరి.

1967 నవంబరు 20న తుంబనుండి ఎగిరిన రోహిణి–75 పూర్తిగా స్వదేశమున తయారైన తొలి పరిశోధక రాకెట్టు. ఆ పేరులోని 75 దాని వ్యాసము, మిల్లీమీటర్లలో. అనగా మైసూరు కత్తిబాణపు 58 మిల్లీమీటర్ల గొట్టముకన్న బొటనవ్రేలి మందమంత మాత్రమే లావు. 1971 అక్టోబరు 9న రోహిణి–125తో శ్రీహరికోట కేంద్రము పని ప్రారంభించినది. పులికాటు సరస్సునకును సముద్రమునకును నడుమనున్న ఆ దీవి, యానాదులు అడవిని నమ్మి బ్రతికిన నేల. కేంద్రమునకై వారు తావు వదలవలసివచ్చినది. తూర్పున వందలాది మైళ్లు జనము లేని కడలి యుండుటయు, భూభ్రమణవేగము తూర్పుదెసకు పోవు రాకెట్టునకు తోడగుటయు ఆ తావు నెన్నుకొనుటకు కారణములు. అచ్చటనుండి 1979 ఆగస్టు 10న ఎగిరిన ఎస్.ఎల్.వి.–3 విఫలమై సముద్రమున పడినది. లోపమును వెదకి, సవరించి, 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపిరి. 2018లో హైదరాబాదున ఇద్దఱు యువ ఇంజనీర్లు స్థాపించిన స్కైరూట్ సంస్థ నిర్మించిన విక్రమ్–ఎస్, 2022 నవంబరు 18న అచ్చటినుండియే 89.5 కిలోమీటర్ల యెత్తునకు ఎగిరినది. దేశమున ప్రైవేటు సంస్థ నిర్మించి ఎగురవేసిన తొలి రాకెట్టు ఇదియే.

అవ్వాయిచువ్వకు చువ్వ పేరు, కాన్‌గ్రీవ్ రాకెట్టునకు పౌనుల పేరు, రోహిణికి వ్యాసపు పేరు. ఒక వస్తువును చూచి పిలుచుటనుండి కొలిచి పిలుచుటకు మనుష్యుడు సాగివచ్చిన దూరము ఈ మూడు పేరులలో కనబడుచున్నది. 1979 నాటి వైఫల్యము ఒక సంవత్సరములోపల విజయమగుటకు కారణము, ప్రతి కవాటపు వార్తయు వ్రాసియుండుటయే. 1799లో 9,000 గొట్టములు మిగిలియు మైసూరు విద్య మిగులకపోవుటకు కారణము, ఆ వ్రాత బడికి చేరకుండుటయే.

తెలుగు బడికి తగిన పని

మందు కలుపుట బాలుర పని కాదు; అనుమతి లేక ప్రేలుడు పదార్థములు చేయుటను 1884 నాటి చట్టము నిషేధించుచున్నది. నమూనా రాకెట్టు ఇంజన్లును అంగళ్లలో తేలికగా దొరకునవి కావు. కాని నిప్పు లేకయే రాకెట్టు సూత్రమును చూపవచ్చును. రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసాలో మూడవవంతు నీరు పోసి, బిరడా బిగించి, సైకిలు పంపుతో గాలి కొట్టినచో, బిరడా ఊడి నీరు క్రిందికిని, సీసా పైకిని పోవును. రెక్కలు, ముక్కు, గురుత్వకేంద్రము, దారపు పరీక్ష, అన్నియు పైని చెప్పినవే. జనులు పది మీటర్ల దూరమున నిలువవలెను; గాజుసీసాను ఎన్నడును వాడరాదు.

ఇందు తెలుగువారు ప్రత్యేకముగా చేయదగినది యొకటి కలదు. కంఠము, ముక్కు, రెక్క, చువ్వ, తూనిక – ఈ మాటలన్నియు మన పనివారి నోట శతాబ్దములుగా నున్నవి. ఇవి పాఠ్యపుస్తకములలో చేరక, పరభాషాపదములే చేరుచున్నందున, బాలుడు బడిలో చదువు రాకెట్టును, దీపావళినాడు ఎగురవేయు తారాజువ్వను వేఱు వేఱు వస్తువులనుకొనుచున్నాడు. ప్రతి నీటిరాకెట్టునకును ఎంత నీరు, ఎంత గాలి, రెక్క వైశాల్యమెంత, గురుత్వకేంద్రమెచ్చట, ఎంతసేపు ఎగిరెను అను వివరములు పిల్లలే తెలుగున ఒక పుస్తకమున వ్రాసి, మరుసటి యేటి తరగతికి అప్పగించినచో, తండ్రి చేతినుండి కొడుకు చేతికి మాత్రమే దిగివచ్చిన విద్య మొదటిసారిగా ఎల్లవారిది కాగలదు. యానాము బడులలో అట్టి పుస్తకము తొలిపుటపై 'అవ్వాయిచువ్వ' యను మాట యుండుట సముచితము. రాకెట్టును నిలబెట్టునది తోకయని, పేరు పెట్టిననాడే తెలుగువాడు చెప్పియున్నాడు గదా.